ఒకటి తక్కువైన సంఖ్యతో గోదావరిఖనిలో మూడు రోజులు

డిసెంబరు 21 పొద్దున రామగుండం స్టేషన్‌లో రైలు దిగాను. చలి బాగానే ఉంది. మా రాజమండ్రిలో డిసెంబరు పొద్దు అంటే గోదావరి మీద పల్చటి మంచు, చేతిలో వేడి కాఫీ. ఇక్కడా మంచు ఉంది కానీ అందులో కాస్త బొగ్గు వాసన కలిసింది. ప్లాట్‌ఫారం చివర స్టాల్లో "చాయ్" అడిగి తీసుకుని నిలబడ్డాను. మా వైపు "టీ" అంటాం, ఇక్కడ చాయ్ అంటేనే పలుకుతారు. ఇంతలో అవతలి లైను మీద బొగ్గు రైలు నెమ్మదిగా కదిలింది.

లెక్కల మాస్టారి కళ్లు ఊరుకోవు. ఇంజిన్ వెనకనుంచి ఒక్కో వ్యాగన్నూ లెక్కపెట్టుకుంటూ పోయాను. చివరి గార్డు పెట్టె దాటాక 57 అనుకున్నాను. పక్కన చాయ్ తాగుతున్న కుర్రాడు నా పెదాలు కదలడం చూసినట్టున్నాడు.

"యాభైఎనిమిది సార్. ఒకటి మిస్సయిండ్రు" అన్నాడు. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడట. చిన్నప్పటినుంచి రైళ్లు లెక్కపెట్టడం అలవాటట. తర్వాత ఇంకో రైలు వచ్చేదాకా ఆగి మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి ఇద్దరికీ 58 వచ్చింది. ఆ "ఒకటి" నన్ను మూడు రోజులు వదలలేదు. ఎందుకో చెబుతాను.

నేను గోదావరిఖని వచ్చింది ఒక సంఖ్యను పట్టుకుని. 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య. పైకి చదవాలంటే సుమారు లక్షా ఎనభైనాలుగు వేల నాలుగు వందల అరవైఏడు కోట్ల కోట్లు. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టిస్తూ అరవైనాలుగు గడులూ నింపితే మొత్తం గింజలు ఇన్ని. రాజుగారి దగ్గర ఈ గింజలు బహుమతిగా అడిగిన కథ లోకమంతటికీ తెలుసు. మన భాషలో ఈ సంఖ్యను తొమ్మిది వందల ఏళ్ల పైచిలుకు కిందటే పద్యంలో పెట్టినవాడు మా గోదావరి సీమ కవి పావులూరి మల్లన. ఇక్కడి ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే ఒక టీచరమ్మకు ఒకసారి ఈ సంగతి చెబితే, "డిసెంబరు 22న మా పిల్లలకు వచ్చి చెప్పండి సార్, ఆ మర్నాడు సింగరేణి డే కూడా చూసి పోవచ్చు" అని పిలిచింది. 22 శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు, 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవం. 23న సింగరేణి డే. 1920లో అదే తేదీన, ఇక్కడి గనులు నడిపే బొగ్గు కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు వచ్చింది. లెక్కకూ బొగ్గుకూ పండగలు పక్కపక్కనే పడ్డాయి. రాకుండా ఎలా ఉంటాను?

స్టేషన్ బయట ఆటో ఎక్కి, "కాలనీకి" అన్నాను.

"ఏ ఇంక్లైన్ కాలనీ సార్?"

ఇక్కడ ఆగి మీకొక మాట చెప్పాలి. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా తవ్వుకుంటూ పోయిన గని దారి. 1960ల మొదట్లో ఇక్కడ గనులు తెరిచాక, ఒక్కో గనికీ ఒక్కో నంబరు పెట్టారు. గని చుట్టూ కాలనీ వచ్చింది. కాలనీకీ ఆ నంబరే పేరైంది. మా రాజమండ్రిలో ఇన్నీసుపేట, దానవాయిపేట, ఆర్యాపురం. ఇక్కడ ఫైవింక్లైన్, సెవెన్ ఎల్ఈపీ, యైటింక్లైన్. ఊరంతా ఒక ఎక్కాల పుస్తకంలా ఉంది. నేను వెళ్లాల్సింది యైటింక్లైన్ కాలనీకి. టీచరమ్మ రాసి పంపిన చిరునామా జేబులోనే ఉంది కానీ, నోటికి ఫైవింక్లైన్ వచ్చింది. ఆటో కుర్రాడు నమ్మకంగా నన్ను అక్కడ దింపాడు.

గంటసేపు తిరిగాను. ఒకేలా ఉన్న క్వార్టర్లు, ఒకేలా ఉన్న గేట్లు, ప్రతి గోడ మీదా టీ టూ అంటూ ఒక నంబరు. ఒక అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ నన్ను మూడోసారి చూసి లేచి వచ్చింది. కాగితం చూసి, "అయ్యో అన్నా, గిది ఫైవింక్లైన్, మీరు పోవాల్సింది యైటింక్లైన్" అంది. మా వైపు అపరిచితుణ్ణి "ఏమండీ" అంటారు. ఇక్కడ అన్న అయిపోయాను. ఆవిడే కొడుకుని బండి తీయమని నన్ను ఎక్కించి పంపింది. దారిలో దూరంగా రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపించాయి. మూడు 200 మెగావాట్ల యూనిట్లు, నాలుగు 500 మెగావాట్ల యూనిట్లు, కలిపి 2,600 మెగావాట్లు. పొద్దున నేను లెక్కపెట్టిన రైళ్లలాంటివాటి కడుపులోని బొగ్గు ఇలాంటి కొలిముల్లోకే పోతుంది. మా ఇంట్లో ఫ్యాను తిరగడంలో ఈ ఊరి వాటా ఎంతో ఉంటుందని మొదటిసారి అనిపించింది.

టీచరమ్మ ఇంట్లో మనుషులు నలుగురు. ఆమె, ఆమె భర్త, ఆమె అమ్మానాన్నలు. క్వార్టర్ అల్లుడిది. ఆయనకు సెకండ్ షిఫ్ట్. తండ్రి భూగర్భ గనిలో ముప్ఫై ఏళ్లకు పైగా చేసి ఓవర్‌మన్‌గా రిటైరైన మనిషి. నేను "బాబాయిగారూ" అని పిలిస్తే, "మా దిక్కు కాకా అంటరు సార్, అట్లనే పిలువుండ్రి" అన్నారు. ఆ క్షణం నుంచి ఆయన నాకు కాక.

మధ్యాహ్నం ఒక వింత జరిగింది. మాట్లాడుతూ ఉండగా కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కాళ్ల కింద నేల ఒక్కసారి వణికి ఊరుకుంది. నేను లేచి నిలబడ్డాను. మిగతావాళ్లు కదల్లేదు. "ఓపెన్ కాస్ట్‌ల బ్లాస్టింగ్ సార్" అంది టీచరమ్మ, కూరలో ఉప్పు చూస్తూ. ఓపెన్ కాస్ట్ అంటే పైనున్న మట్టిని తీసేసి బొగ్గు బయటపెట్టే గని. ఆ మట్టి దిబ్బలు ఊరి అంచున కొండల్లా లేచి ఉన్నాయి. మా వైపు కొండ కనిపిస్తే అది దేవుడిది. ఇక్కడి ఈ కొండలు డంపర్లు పోసినవి.

సాయంత్రం అమ్మగారు సర్వపిండి చేశారు. కొందరు గిన్నప్ప అంటారట. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, కరివేపాకు కలిపి ముద్ద చేశారు. మందపాటి గిన్నె లోపల నూనె రాసి, ఆ ముద్దను గిన్నె గోడలకంటా పల్చగా ఒత్తారు. తర్వాత చూపుడు వేలితో నడిమధ్య ఒక గుంట, దాని చుట్టూ గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో నూనె చుక్క. నూనె ఆ గుంటల్లోనుంచి దిగి అడుగును ఎర్రగా కాలుస్తుంది. ముక్క విరిస్తే ఒకవైపు కరకర, లోపల మెత్తన. "తినుండ్రి, సల్లారితే బాగుండదు" అంటూ పెడుతూనే ఉన్నారు. మా తపాళా చెక్కకు ఇది అక్కయ్య వరస.

పిండి ఎంత అని అడిగితే "సోలెడు" అన్నారు. ఆ మాట వినగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో ధాన్యం కొలతలు ఇలా ఉండేవి: నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచం. ఒక్కో మెట్టుకూ రెట్టింపు. మొదటి మెట్టు రెండు రెట్టింపులు. అంటే కుంచానికి ఎన్ని గిద్దలు? నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు, అరవైనాలుగు. చదరంగం పలకలోని గడులెన్నో, మన కుంచంలోని గిద్దలు అన్ని. రెట్టించడం ఎక్కడో రాజుల కథలో పుట్టిన తమాషా కాదు, మన వంటింట్లో రోజూ మోగే లెక్క. ఇన్నేళ్లు పాఠాలు చెప్పి కూడా ఈ సంగతి గోదావరిఖనిలో సర్వపిండి తింటూ గమనించాను.

రాత్రి భోజనాలయ్యాక కాకతో వసారాలో కూర్చున్నాను. చదరంగం కథ చెప్పాను. ఆయన కాసేపు విని, సుద్దముక్క తెప్పించి నేల మీద గీతలు గీశారు. నిలువు గీతలు తొమ్మిది, అడ్డ గీతలు తొమ్మిది.

"ఇది చదరంగం పలక కదా కాకా" అన్నాను.

"కాదు సార్, ఇది బాయి. మా పని జాగ."

బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి అట. భూమిలో బొగ్గు పొర ఒక పెద్ద పలకలా ఉంటుంది. దాన్నంతా ఒకేసారి తీస్తే పైకప్పు కూలుతుంది. అందుకని సొరంగాలు నిలువుగానూ అడ్డంగానూ తవ్వుకుంటూ పోతారు. మధ్యలో చదరపు దిమ్మలు వదిలేస్తారు. ఆ దిమ్మలే పిల్లర్లు, కప్పును మోసేవి అవే. వాలు వెంట దిగే దారులు డిప్పులు, అడ్డంగా పోయేవి లెవెళ్లు. "ఫలానా డిప్పు, ఫలానా లెవెలు అంటే చాలు సార్, చీకట్ల గూడ మనిషి ఏడున్నడో తెలుస్తది" అన్నారు కాక. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు గ్రాఫు కాగితం మీద రెండు సంఖ్యలతో బిందువును గుర్తించడం నేర్పిస్తాను. వీళ్లు ఆ పాఠంలోనే బతికారు.

మేమిద్దరం ఆ గడుల్లో గింజలు పోయడం మొదలెట్టాం, మాటల్లోనే. నేను ఇంట్లో బియ్యం తూచి చూసుకుని వచ్చాను. లెక్క సులువుకి గ్రాముకు యాభై గింజలనుకోండి. పొద్దున చూసిన రైలునే పలక అనుకుని ఒక్కో వ్యాగన్‌లో రెట్టిస్తూ పోదాం. మొదటి ఇరవైరెండు వ్యాగన్లలో ఉన్న గింజలన్నీ కలిపితే 84 కిలోలు, ఒక పెద్ద బస్తా. ముప్ఫైరెండో వ్యాగన్ దాకా, అంటే పలకలో సగం దాకా, అన్నీ కలిపితే 86 టన్నులు. అరవై టన్నులు పట్టే వ్యాగన్లయితే ఒకటిన్నర. కాక నవ్వారు. "గింతేనా?" అన్నారు. అక్కడినుంచి మొదలైంది. యాభైఎనిమిదో వ్యాగన్ ఒక్కదానిలోనే 288 కోట్ల టన్నులు పోయాలి. సింగరేణి మొత్తం 2023-24లో తవ్వింది 7 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే ఆ ఒక్క వ్యాగన్‌ను నింపడానికి కంపెనీ నలభై ఏళ్లకు పైగా తవ్వాలి. రైలు అక్కడ అయిపోయింది. పలకలో ఇంకా ఆరు గడులు మిగిలే ఉన్నాయి. మొత్తం పలకకు తూకం సుమారు 36,900 కోట్ల టన్నులు. ఏటా 7 కోట్ల టన్నుల చొప్పున ఐదు వేల రెండు వందల ఏళ్లకు పైగా. ఎల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు గుర్తించింది 1871లో. అక్కడ గని మొదలైంది 1889లో. అప్పటినుంచి ఇప్పటికి గడిచింది నూటముప్ఫై అయిదేళ్లు, కాస్త అటూ ఇటూ.

కాలంతో కొలిచి చూశాం. ఇక్కడి బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. 25 కోట్ల ఏళ్ల కిందటినుంచి క్షణానికి ఒక గింజ చొప్పున ఆపకుండా పలక మీద పెడుతూ వచ్చినా, ఈ రాత్రికి మనం ఉండేది యాభైమూడో గడిలో. ఇంకా పదకొండు గడులు ముందే ఉన్నాయి. కాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన చెయ్యి నేలమీది గడిని తడుముతూ ఉంది.

మర్నాడు బడి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు. కాక కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. పిల్లలు నేల మీద పలక గీసి చింతగింజల సంచి తెచ్చారు. మేం చింతపిక్కలంటాం. వాళ్లు నా మాటకు నవ్వారు, నేను వాళ్ల మాట నేర్చుకున్నాను. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది. పదో గడికి 512 గింజలు పెట్టేసరికి సంచి ఖాళీ. అప్పటికి పలక మీద ఉన్నవి 1,023. పదకొండో గడికి 1,024 కావాలి. ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఎన్ని గడులు పెట్టినా, అన్నీ కలిపితే పక్క గడికి ఒకటి తక్కువే వస్తుంది."

ఈ సంఖ్య గుండెకాయ అదే. అరవైనాలుగు గడులు నిండాక లేని అరవైఐదో గడికి ఒకటి తక్కువ. అంటే రెండును అరవైనాలుగు సార్లు గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే మన సంఖ్య. రెండు గుణిస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. అరవైనాలుగోసారి 6. ఒకటి తీస్తే 5. అందుకే మన సంఖ్య 5తో ముగిసింది.

తర్వాత మల్లన గురించి చెప్పాను. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజనరేంద్రుడి కాలంవాడని చెప్పే మల్లన దాన్ని తెలుగు చేశాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాశాడు. మరి ఇరవై అంకెలు చంపకమాలలో ఎలా ఇముడుతాయి? అంకెకు బదులు వస్తువు పేరు చెబుతాడు. చంద్రుడు అంటే ఒకటి, వేదం అంటే నాలుగు, బాణం అంటే ఐదు, ఆకాశం అంటే సున్న. అంకెలు కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. మల్లన పద్యం బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. అందుకే సంఖ్య చివర 5, మొదట 1.

"ఏనుగు అంటే ఎంత?" అని అడిగాను.

"ఎనిమిది సార్! అష్టదిగ్గజాలు!" ఒక కుర్రాడి గొంతు పైకప్పుకు తగిలింది. ఆ పిల్లలు పది నిమిషాల్లో తమ హాల్ టికెట్ నంబర్లను చంద్రుళ్లు, కొండలు, సముద్రాలుగా మార్చేసుకున్నారు. మల్లన పుట్టిన భాషలో చదువుకునే పిల్లలకు ఇది ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంది. పద్యాన్ని తెలుగు మాస్టారు, సంఖ్యను లెక్కల మాస్టారు పంచుకుని చెబితే ఒక పీరియడ్ సరిపోతుంది.

ఇక సంఖ్యను విడగొట్టే పని. రెండు వర్గాల భేదం సూత్రం పిల్లలకు తెలుసు. దాన్నే వాడి సగం, సగం చేసుకుంటూ దిగాం. కాక భాషలో చెప్పాలంటే డిప్పు వెంట ఒక్కో లెవెలు. ఒక్కో మెట్టు దగ్గర ఒక కారణాంకం బయటికొచ్చింది: 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ ఐదింటినీ గుణిస్తే 4,29,49,67,295. పలకలో సరిగ్గా సగం దాకా ఉన్న గింజలు! మిగిలిన ముక్క 4,29,49,67,297. ఇదీ ప్రధాన సంఖ్యేనని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అది 641తో భాగింపబడుతుందని చూపించాడు. అప్పటికి ఆయిలర్ వయసు ఇరవైఐదు. పిల్లలు రెండు జట్లుగా విడిపోయి 641ని 67,00,417తో గుణించారు. ఒక జట్టుకు ముందు తప్పొచ్చింది, దిద్దుకున్నారు. రెండు బోర్డుల మీదా ఒకే జవాబు కనపడ్డప్పుడు గది చప్పట్లతో నిండిపోయింది.

ఈ సంఖ్య ఇంకో వేషంలోనూ కనిపిస్తుంది. 1883లో ఎద్వార్ ల్యూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఒక ఆట తయారుచేశాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద పెద్దది కింద చిన్నది పైనగా పేర్చిన బిళ్లలు. పెద్ద బిళ్ల చిన్నదాని మీదికి రాకుండా, ఒక్కోసారి ఒక్క బిళ్లే చొప్పున అన్నిటినీ ఇంకో కడ్డీకి మార్చాలి. దానికి కాశీ గుడిలో అరవైనాలుగు బంగారు బిళ్లలున్నాయని కథ కట్టారు. వాటిని మార్చడానికి కనీసం ఎన్ని ఎత్తులు? సరిగ్గా మన సంఖ్యే.

అప్పుడు వెనకనుంచి ఒక చిన్న పిల్లాడు అడిగాడు: "సార్, గంత పెద్ద సంఖ్యల ఒకటి తక్కువైతే ఏమైతది? ఎవలకు తెలుస్తది?"

నేను జవాబు చెప్పబోయాను. కాక లేచి నిలబడ్డారు.

"నేను చెప్త బిడ్డ. బాయిల దిగేటప్పుడు లాంప్ రూంకు పోతం. ఒక్కొక్కలకు ఒక నంబరు దీపం. ఆ దీపం తలకు పెట్టుకుని దిగుతం. షిఫ్ట్ అయినంక మళ్ల తెచ్చి అదే జాగల పెట్టాలె. వందల దీపాలు ఉంటయి. ఒక్క జాగ ఖాళీగ ఉందనుకో, ఒక మనిషి లోపలున్నట్టు. ఆ ఒక్కటి వచ్చేదాక ఎవ్వలు ఇంటికి పోరు."

గదిలో చప్పుడు లేదు. ఆ పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఎవరో ఒకరు ఆ వేళకు భూమి లోపల ఉన్నారు.

తర్వాత నేను చెప్పాల్సిన మాట సులువైపోయింది. మన సంఖ్యకు ఒకటి కలపండి. దాని కారణాంకాలు ఏవి? రెండు, రెండు, రెండు, అంతే. అరవైనాలుగు రెళ్లు తప్ప ఇంకేమీ లేదు. ఆ ఒకటి తీసేయండి. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏ ఒక్కటీ రెండోసారి రాదు. పైదానికీ కిందదానికీ ఉమ్మడి కారణాంకం ఒక్కటీ లేదు. నేటి కంప్యూటర్లలో ఒక సంఖ్యకు మామూలుగా అరవైనాలుగు జాగాలుంటాయి. అన్నిట్లో 1 నింపితే వచ్చేది మల్లన సంఖ్యే. దానికి ఇంకో ఒకటి కలిపితే బండి మీటరు 99999 నుంచి తిరిగినట్టు మొత్తం సున్నలైపోతుంది. లక్షల కోట్ల కోట్లలో కూడా ఒకటి ఒకటే.

23న ఊరంతా సింగరేణి డే. జెండాలు, స్టాళ్లు, సాయంత్రం దీపాల తోరణాలు. సకినాలు అప్పుడే మొదలయ్యాయి. సంక్రాంతికి ముందే ఇక్కడ సకినాల చుట్లు నూనెలో తేలతాయి. మాకు అరిసెలు ఎలాగో వీళ్లకు ఇవి అలాగ. ఒక స్టాల్లో భూగర్భ గని నమూనా పెట్టారు. చిన్న చిన్న నల్లటి పిల్లర్లు, మధ్యలో దారులు. పక్కనున్న కుటుంబానికి నేనే డిప్పులు, లెవెళ్లు వివరించాను. కాక పక్కన నిలబడి తల ఊపారు.

ఊరు వదిలే ముందు పోస్టాఫీసు బోర్డు కనిపించింది: గోదావరిఖని, 505209. అలవాటు కొద్దీ కారణాంకాలు విడగొట్టాను. 3, 29, 5,807. అంటే 87 ఇంటూ 5,807. ఎక్కడో విన్నట్టుందే అనుకుని మన ఇరవై అంకెల సంఖ్య అంకెలన్నీ కూడాను. 87! కాకతాళీయమే, దీనికి వేరే అర్థమేమీ లేదు. అయినా ఆ బోర్డు కింద నిలబడి రెండోసారి కూడి, ఆనందంగా టీచరమ్మకు ఫోను చేసి చెప్పాను. మీరూ కూడి చూడండి.

సాయంత్రం గోదావరి ఒడ్డుకు వెళ్లాను. మా ఊరి దగ్గర అఖండంగా పారే నది ఇక్కడ ఇసుక తిన్నెల మధ్య సన్నటి పాయ. ఈ నీళ్లే మా ఊరికి వస్తాయి. మా సీమ పద్యం నదికి ఎదురుగా ఇంత దూరం వచ్చిందన్నమాట.

మీరు వెళ్తే డిసెంబరు 22, 23 తేదీలు చూసుకుని వెళ్లండి. ఆటో ఎక్కేముందు ఇంక్లైన్ నంబరు సరిచూసుకోండి. ఎవరైనా సర్వపిండి పెడితే వేడి మీదే తినండి. పిల్లలుంటే ఒక చదరంగం పలక, గుప్పెడు బియ్యం వెంట తీసుకెళ్లండి. స్టేషన్‌లో బొగ్గు రైలు వస్తే వ్యాగన్లు లెక్కపెట్టమనండి. ఒకటి తప్పితే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టమనండి.